స్ట్రైకులో దెబ్బ ఎక్కడిది?

‘స్ట్రైక్’ అనే ఇంగ్లీషు క్రియకు అర్థమేమిటని అడిగితే ఎవరైనా మొదట ‘కొట్టడం’ అనే చెబుతారు. కార్మికుల స్ట్రైకు కూడా ఆ అర్థంలోంచే వచ్చిందనీ, యజమాని మీద వేసే దెబ్బ గనుక దానికా పేరు పడిందనీ భావించేవారు రచయితల్లో సైతం ఉన్నారు. ఈ భావన సరికాదని నా వాదన. మాట చరిత్ర మరో కథ చెబుతున్నది.

ప్రాచీన ఇంగ్లీషులో ఈ క్రియకు మూలరూపం ‘స్ట్రీకన్’. తేలికగా రాయడం, నిమరడం, సాగిపోవడం దాని అర్థాలు. నిమరడాన్ని తెలిపే ‘స్ట్రోక్’ దీని తోబుట్టువే. జర్మన్‌లోని జ్ఞాతిపదం ‘ష్ట్రైషెన్’ నేటికీ నిమరడం, పూయడం, గీత గీసి తీసివేయడం అనే అర్థాలనే నిలుపుకున్నది. ఇంగ్లీషులో మాత్రం మధ్యయుగాల్లో దెబ్బ అనే అర్థం బలపడి తక్కినవాటిని వెనక్కు నెట్టింది. అయినా అనువాదకుడికి ఆ ఒక్క అర్థమే చాలదు. అగ్గిపుల్లను ఇంగ్లీషువాడు ‘స్ట్రైక్’ చేస్తాడు, మనం గీస్తాం. గడియారం కొడుతుంది, బేరం కుదురుతుంది, ఆలోచన తడుతుంది. అక్కడ అన్నింటికీ ఒకటే క్రియ.

నావికుల వాడుకలో తెరచాపను, జెండాను కిందికి దించడం కూడా ‘స్ట్రైక్’. 1768లో ఇంగ్లండు ఈశాన్య తీరంలోని సండర్లండ్ రేవులో నావికులు తమ బాధలను కాగితం మీద రాసి నలుగురిలో చదివారు. ఆపైన ఓడలెక్కి, అవి సముద్రంలోకి కదలకుండా తెరచాపల అడ్డకొయ్యలను దించివేశారు. ఆ ఏటి ‘యాన్యువల్ రిజిస్టర్’ ఈ ఘటనను నమోదు చేసింది. ఆ ఏడే లండన్‌లో థేమ్స్ నది మీది నావికులూ ఓడలను నిలిపివేశారు. పని మానడమనే అర్థం ఈ దించడంలోంచే పుట్టిందని శబ్దచరిత్రకారులు ఎక్కువమంది అంగీకరిస్తారు. అంటే స్ట్రైకు చెయ్యెత్తడం కాదు, చెయ్యి తీసివేయడం. ఓడను నడిపేది ఎవరో ఓడ ఆగినప్పుడే తెలిసింది.

ఇతర భాషల్లోనూ ఈ మాట జనజీవితంలోంచే వచ్చింది. ఫ్రెంచివారి ‘గ్రేవ్’, పారిస్‌లో సేన్ నది ఒడ్డున పని కోసం కూలీలు గుమిగూడే కూడలి పేరు. మనకు తెలిసిన ‘హర్తాళ్’ అంగడికి తాళం వేయడం.

జనం పుట్టించిన మాటకు హద్దులు గీసే అధికారం మాత్రం చట్టం చేతికి పోయింది. కార్మికులు కలిసికట్టుగా పని నిలిపివేయడమో, నిరాకరించడమో స్ట్రైకని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్, ఒకే రోజున సగం మంది గాని అంతకు మించి గాని కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెట్టినా స్ట్రైకే అన్నది. నిర్వచనం ఒక్క వాక్యం పెరిగితే, హక్కుగా ఉన్న సెలవు ఆంక్షల కిందికి వస్తుంది.

కనుక మాటల అర్థాలు విస్తరించినప్పుడు, ఎవరి అవసరం కోసం విస్తరించాయో రచయిత గమనించక తప్పదు. పని ఆపినవారిని దాడి చేసినవారిగా చూపే వాక్యం మన కలం నుంచి పొరపాటున కూడా రాకూడదు.