పాత కంప్యూటరుకు కొత్త డ్రైవు

1984లో మన దేశమున పాఠశాల విద్యార్థులకు కంప్యూటరు పరిచయము చేయుటకై ‘క్లాస్’ అను పథకము ప్రారంభమైనది. అందుకు ఎన్నుకొనబడిన యంత్రము ఇంగ్లండులో ఏకార్న్ సంస్థ నిర్మించిన బి.బి.సి. మైక్రో. ఆ పేరులోని బి.బి.సి. లండను రేడియోవారే. ప్రసారకర్తలు కంప్యూటరుకు పేరిచ్చుట మా వృత్తివారికి కొంత గర్వకారణమే!

అట్టి యంత్రమొకటి గంపలగూడెములో మా మేనమామగారి ఇంట నున్నది. ఆయన లెక్కల ఉపాధ్యాయులుగా నుండి విరమించినవారు. తాము స్వయముగా వ్రాసిన పాఠములను అయిదుంబావు అంగుళముల ఫ్లాపీ డిస్కులపై దాచుకొనిరి. వానికి వేరు ప్రతులు లేవు. డ్రైవులో మోటారు తిరుగుచున్నది గాని డిస్కు చదువబడుట లేదు. “వేరొక డ్రైవు తగిలించి డిస్కు పెట్టి చూడు నాయనా” అనిరి. నేను వెంటనే పెట్టలేదు. కారణము వినుడు.

ఫ్లాపీ డిస్కనగా పలుచని ప్లాస్టిక్ రేకుపై అయస్కాంతపు పూత. అది నిమిషమునకు 300 సారులు తిరుగుచుండగా డ్రైవులోని హెడ్డు దానిని తాకుచునే చదువును. హెడ్డుపై మురికి యున్నను, డిస్కుపై బూజు యున్నను, ఆ పూత వలయముగా గీచుకొనిపోవును. పోయిన పూతతో పాఠమును పోవును. డ్రైవు చెడిన మరియొకటి దొరకును, డిస్కు దొరకదు.

కావున మొదట చూడవలసినది డ్రైవు కాదు, విద్యుత్తునందించు పెట్టె. బి.బి.సి. మైక్రోలోని ఆ పెట్టెయందు కొన్ని కాగితపు కెపాసిటర్లు కాలక్రమమున పగుళ్ళు దేరి, మీట నొక్కినంతనే పొగ గ్రక్కును. వానిని ముందే మార్పించవలెను. అది 230 వోల్టుల వ్యవహారము; తెలిసిన మెకానిక్కు చేతనే చేయింపుడు.

పిమ్మట డ్రైవు. చెడిపోయినదని మూల బెట్టినవానిలో పెక్కింటికి వచ్చిన జబ్బు గట్టిపడిన గ్రీజే. హెడ్డు ముందునకు వెనుకకు జరుగు కడ్డీని తుడిచి, క్రొత్త గ్రీజు కొంచెము పూసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో హెడ్డును మెల్లగా శుభ్రపరచిన చాలును. అప్పటికిని పని చేయకున్న మార్చవలసినదే. 34 తీగల పట్టీ అదియే సరిపోవును గాని, రెండు చిక్కులు కలవు. తరువాతి కాలపు 1.2 మెగాబైటుల డ్రైవులు నిమిషమునకు 360 సారులు తిరుగును, అవి పనికిరావు. మూడున్నర అంగుళముల డ్రైవులు సాధారణముగా ‘ఒకటి’ అను సంఖ్యకు పలుకును. మన యంత్రము మొదట పిలుచునది ‘సున్న’ను. దీపము వెలుగనంత మాత్రమున డ్రైవు చెడినదని పారవేయరాదు.

గోటెక్ అను చిన్న పెట్టెను డ్రైవు స్థానమున అమర్చి యు.ఎస్.బి. పుల్లనుండి కంప్యూటరును నడుపువారు నేడు పెక్కుమంది. మంచి సాధనమే. కాని పాత డిస్కు నది చదువలేదు. ముందొక నిజమైన డ్రైవుతో ప్రతి తీసికొనినగాని దానివలన మామగారి పాఠములకు లాభము లేదు.

మేము మొదట ఖాళీ డిస్కొకటి త్రిప్పి, బయటికి తీసి దీపము వెలుతురున చూచితిమి. గీత లేదు. తరువాతనే పాఠముల డిస్కులు ఒక్కొక్కటి పెట్టి, ప్రతిదానికి నడుమ హెడ్డు తుడిచితిమి. పదకొండింటిలో తొమ్మిది చదువబడినవి. బూజు పట్టిన రెండింటిని నే నింకను డ్రైవులో పెట్టలేదు.