చేపల తొట్టి మీద ఆకుకూరల మడి

ఒకే నీటితో చేపలనూ మొక్కలనూ కలిపి పెంచే పద్ధతి ఆక్వాపోనిక్స్. చిన్న మోటారు చేపల తొట్టిలోని నీటిని పైనున్న కంకర మడిలోకి ఎక్కిస్తుంది. మడిలోని మొక్కల వేళ్లు పోషకాలను పీల్చుకున్నాక అదే నీరు తేటపడి తిరిగి తొట్టిలోకి దిగుతుంది. ఇందులో మట్టి ఉండదు, ఎరువు బస్తా ఉండదు. రోజూ బయటినుంచి వేసేది చేపల మేత ఒక్కటే.

చేపలు కడిగిన నీళ్లను కరివేపాకు చెట్టు మొదట్లో పోసే ఇళ్లకూ, ఎండాకాలం చెరువు మట్టిని పొలానికి తోలుకునే రైతులకూ ఇందులోని సూత్రం కొత్తది కాదు. అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో అపతానీలు వరిమళ్లలోనే చేపలను పెంచుతారు. తొట్టి, మోటారు, మడి కలిసిన నేటి రూపం మాత్రం 1980ల్లో అమెరికాలో స్థిరపడింది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో మార్క్ మెక్‌మర్ట్రీ ఇసుక మళ్లతో ప్రయోగాలు చేశారు. యూనివర్సిటీ ఆఫ్ ది వర్జిన్ ఐలాండ్స్‌లో జేమ్స్ రాకోసీ బృందం నీటిపై తేలే పలకల మీద కూరగాయలు పండించింది. తొట్టి, మోటారు, మడి కలిసిన ఈ రూపాన్నే చిన్నది చేసి ఇంట్లో ఒక మూలన అమర్చుకోవచ్చు.

కనిపించని మూడో జీవి

చూసేవారికి ఇందులో చేపలు, మొక్కలు మాత్రమే కనిపిస్తాయి. అసలు పని నడిపేది బ్యాక్టీరియా. చేపలు ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియాను నీటిలోకి వదులుతాయి. అది పోగుపడితే చేపలకే విషం. నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా ప్రమాదకరమే: అది చేప రక్తంలో చేరి, ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది. నైట్రోస్పైరా, నైట్రోబ్యాక్టర్ జాతులు దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ చేపలకు పెద్దగా హాని చేయదు, మొక్కలకు మంచి ఆహారం. నేలలోనూ జరిగే ఈ మార్పు బ్యాక్టీరియా పనేనని 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ నిరూపించారు.

ఈ బ్యాక్టీరియా కంకర రాళ్ల మీద పలచని పొరగా నివసిస్తుంది. అందుకే మడిలోని కంకర మొక్కకు ఆధారం మాత్రమే కాదు, నీటిని శుద్ధిచేసే జల్లెడ కూడా. కొత్తవారి తొట్టెల్లో చేపలు చనిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒక్కటే: బ్యాక్టీరియా పెరగకముందే చేపలను వదలడం.

కావలసిన సామాను

మొదటి ప్రయత్నానికి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న గాజు అక్వేరియం సరిపోతుంది. పైన రెండంగుళాలు వదిలి నింపితే దాదాపు 47 లీటర్ల నీరు పడుతుంది. మడికి ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, ఏడంగుళాల లోతున్న గట్టి ప్లాస్టిక్ టబ్బు చాలు. అందులో సుమారు 25 లీటర్ల కంకర పడుతుంది. ఆహార పదార్థాలు నిల్వచేసే రకం ప్లాస్టిక్ మేలు. జింకు పూత ఉన్న రేకు తొట్లు, రాగి గొట్టాలు వాడకూడదు. ఆ లోహాలు కొద్దిగా కరిగినా చేపలకు హాని.

కంకరకు ఇళ్ల నిర్మాణంలో వాడే 12 ఎం.ఎం. గ్రానైట్ చిప్స్ గానీ, గులకరాళ్లు గానీ పనికొస్తాయి. బరువు తగ్గాలంటే కాల్చిన బంకమట్టి గుళికలు దొరుకుతాయి. ఏ రాయైనా ముందు ఒక పరీక్ష చేయాలి. గుప్పెడు రాళ్లమీద వెనిగర్ పోసినప్పుడు నురగ వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టు. అది నీటి క్షార గుణాన్ని పెంచుతూనే ఉంటుంది కాబట్టి వాడకూడదు. పనికొచ్చే కంకరను నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి.

వీటితోపాటు గంటకు 400 లీటర్లు తోడే చిన్న సబ్‌మెర్సిబుల్ మోటారు, గాలి పంపు, టైమరు, ముప్పావు అంగుళం పీవీసీ పైపు, ట్యాంక్ కనెక్టర్, నీటి పరీక్ష కిట్ కావాలి. కిట్ అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల సూచిక) నాలుగింటినీ కొలవాలి. డబ్బు మిగలాలని దీన్ని మానుకుంటే తొట్టిలో ఏం జరుగుతోందో తెలిసే దారే ఉండదు.

అమర్చే తీరు

నీరు, కంకర, గాజు కలిపితే బరువు వంద కిలోలకు దగ్గరపడుతుంది. ఇనుప స్టాండు గట్టిగా ఉండాలి, నాలుగు కాళ్లూ సమంగా ఆనాలి. తొట్టిమీద నేరుగా ఎండ పడితే పాచి పడుతుంది. అందుకే కిటికీకి ఎదురుగా ఉన్న వైపు గాజుకు నల్ల కాగితం అంటించాలి.

టబ్బు అడుగున ఒక చివర రంధ్రం చేసి ట్యాంక్ కనెక్టర్ బిగిస్తారు. దానిలో నిలువుగా పైపు ముక్క నిలబెడతారు. ఈ పైపు పైకొస కంకర మట్టానికి ఒక అంగుళం కిందే ఉండాలి. అప్పుడు నీరు ఎప్పుడూ కంకర పైకి రాదు. పైపొర పొడిగా ఉంటుంది కాబట్టి పాచి పట్టదు, దోమలు గుడ్లు పెట్టవు. పైపు మొదట్లో నాలుగు మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు పెడితే మోటారు ఆగాక మడిలోని నీరంతా మెల్లగా దిగిపోతుంది. కంకర అడ్డుపడకుండా చుట్టూ చిల్లులున్న పెద్ద పైపును తొడుగుగా ఉంచాలి.

టైమరును గంటలో 15 నిమిషాలు నడిచి 45 నిమిషాలు ఆగేలా పెడతారు. మడి నిండినప్పుడు వేళ్లకు నీరు, పోషకాలు అందుతాయి. దిగిపోయినప్పుడు ఖాళీల్లోకి గాలి దూరి వేళ్లకూ బ్యాక్టీరియాకూ ఊపిరి అందుతుంది. నిండినప్పుడు మడిలో దాదాపు పది లీటర్లు నిలుస్తాయి. తొట్టిలో నీటి మట్టం అంత మేరకు తగ్గినా మోటారు మునిగే ఉండాలి. మీటలు, టైమరు తొట్టికంటే ఎత్తులో ఉండాలి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు కరెంటు తీసేయాలి.

నీటి సంగతి

మున్సిపల్ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది చేపలనూ బ్యాక్టీరియానూ రెంటినీ చంపుతుంది. నీటిని బకెట్లలో పట్టి, గాలి పంపు పెట్టి ఒకటి రెండు రోజులు ఉంచితే క్లోరిన్ పోతుంది. తెలుగు రాష్ట్రాల్లో చాలాచోట్ల బోరు నీరు కఠినంగా ఉంటుంది, పీహెచ్ ఎక్కువగా చూపిస్తుంది. అటువంటిచోట వాన నీరు గానీ, ఆర్వో శుద్ధిచేసిన నీరు గానీ సగం కలపాలి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీటిలో లవణాలు మరీ ఎక్కువ, అది పనికిరాదు.

చేపలు, మొక్కలు, బ్యాక్టీరియా మూడింటికీ సర్దుబాటయ్యే పీహెచ్ 7కు అటూఇటూ ఉంటుంది. పీహెచ్, వేడి పెరిగినకొద్దీ అమ్మోనియా విషం తీవ్రమవుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు కూడా తక్కువ కరుగుతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాములు పట్టే నీటిలో 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే పడుతుంది. అందుకే మన ఎండాకాలంలో గాలి పంపు రాత్రింబవళ్లు నడవాలి.

చేపలకు ముందు నిరీక్షణ

అంతా అమర్చాక తొట్టిని చేపలు లేకుండానే నడపాలి. బ్యాక్టీరియాకు ఆహారంగా స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ వాడతారు. ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టేవారు వాడే నవాసారం ఇదే పదార్థం. బజారు సరుకులో మలినాలు ఉండవచ్చు కాబట్టి ప్రయోగశాల రకం తీసుకోవాలి. 47 లీటర్లకు గ్రాములో మూడోవంతు వేస్తే అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాముల చుట్టూ వస్తుంది. ఇది దొరకకపోతే రోజూ చిటికెడు చేపల మేత వేసినా అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్న పాత అక్వేరియం నుంచి గుప్పెడు రాళ్లు తెచ్చి కలిపితే పాలకు తోడు వేసినట్టు పని త్వరపడుతుంది.

మొదట అమ్మోనియా పెరుగుతుంది. తర్వాత అది తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. చివరకు నైట్రైట్ కూడా పడిపోయి నైట్రేట్ కనిపిస్తుంది. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో పూర్తిగా మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపిస్తే తొట్టి సిద్ధమైనట్టే. దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చేపలు, మొక్కలు

ఇంత చిన్న తొట్టిలో తినే చేపల పెంపకం కుదరదు. శీలావతి, బొచ్చె చెరువుల్లో పెరిగే పెద్ద చేపలు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం. వేడికీ కఠినమైన నీటికీ తట్టుకునే మోలీ, గప్పీ వంటివి కొత్తవారికి అనుకూలం. పది చేపలతో మొదలుపెట్టాలి. మేత రోజుకు రెండుసార్లు, ఐదు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. మిగిలినది తీసేయాలి.

ఎంత ఆకు పండుతుందో నిర్ణయించేది చేపల లెక్క కాదు, మేత లెక్క. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ప్రచురించిన మార్గదర్శకం ప్రకారం ఆకుకూరల మడికి చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత కావాలి. ఆ లెక్కన ఈ చిన్న మడి నిండుగా పండాలంటే ఆరేడు గ్రాములు పడాలి. పది మోలీలు రోజుకు గ్రాము మేత కూడా తినవు. కాబట్టి మడినిండా మొక్కలు కిక్కిరిసి నాటకుండా నాలుగైదు మొక్కలతో సరిపెట్టుకోవాలి.

పుదీనా, పొన్నగంటి, బచ్చలి కాడలను నేరుగా కంకరలో గుచ్చితే వేళ్లు వస్తాయి. తులసి, పాలకూర వంటివాటిని కొబ్బరి పొట్టులో నారు పోసి, వేళ్లు కడిగి నాటుతారు. టమాటా, మిరప వంటి కాయ మొక్కలకు పోషకాలు, వెలుతురు ఎక్కువ కావాలి, మొదటి ఏడాది వాటి జోలికి పోకపోవడం మంచిది. కిటికీ వెలుతురు చాలనిచోట తెల్లని ఎల్‌ఈడీ దీపాన్ని మొక్కలకు అడుగు ఎత్తున రోజుకు 12 నుంచి 14 గంటలు వెలిగించాలి.

రోజువారీ కాపలా

ప్రతిరోజూ చేపల కదలిక, మోటారు శబ్దం, నీటి మట్టం చూడాలి. ఆవిరైనంత మేరకు క్లోరిన్ పోయిన నీరు కలపాలి. వారానికి ఒకసారి నాలుగు పరీక్షలూ చేసి అంకెలు పుస్తకంలో రాసుకోవాలి. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే మేత ఆపి, మూడోవంతు నీరు మార్చాలి.

చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే ప్రాణవాయువు చాలడం లేదని అర్థం. లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము లోపం. మేతలో ఇనుము తక్కువ కాబట్టి ఈ లోపం తరచూ వస్తుంది. చీలేటెడ్ ఐరన్‌ను లీటరుకు 2 మిల్లీగ్రాముల ఇనుము అందేలా కలిపితే సరిపోతుంది. మడిమీద పురుగుమందు ఏదీ చల్లకూడదు, వేపనూనె కూడా. మడిమీద పడిన ప్రతి చుక్కా చేపల నీటిలోకే చేరుతుంది. పేనుబంక కనిపిస్తే ఆకును తెంచి పారేయాలి, లేదా మొక్కను బయటకు తీసి కడగాలి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు చేపల ప్రాణం నిలబెడుతుంది.

ఇంట్లోని చిన్న తొట్టి కూరల ఖర్చును పెద్దగా తగ్గించదు. వారానికో పచ్చడికి సరిపడా పుదీనా, పప్పులోకి గుప్పెడు బచ్చలి ఇస్తే అది బాగా నడుస్తున్నట్టే. ఒక జీవి వదిలినది మరో జీవికి ఆహారమయ్యే క్రమాన్ని పిల్లలు కళ్లారా చూసి, తమ చేతులతో కొలిచి తెలుసుకోగలగడం దీని పెద్ద లాభం. మొదలుపెట్టేవారు మొదటి ఆరు వారాలు తొట్టిని బ్యాక్టీరియాకు వదిలేయాలి. ఆ ఓపిక ఉన్న ఇంట్లో చేపలూ బతుకుతాయి, ఆకులూ చేతికొస్తాయి.