కాళ్లూ చేతులూ ఎలా కదులుతాయి?

నాట్లు వేసేటప్పుడు మన చేతిని ఒకసారి గమనించండి. ఎడమ చేతిలో నారు కట్ట ఉంటుంది. కుడి చేతి వేళ్లు రెండు మూడు మొక్కలు విడదీస్తాయి. బురదలో గుచ్చుతాయి. మళ్లీ పైకి లేస్తాయి. సాయంత్రం దాకా ఇదే పని. కబుర్లు చెప్పుకుంటూనే చేసేస్తాం.

ఈ వేళ్లకు "గుచ్చు, లే" అని చెప్పేది ఎవరు? మెదడు అంటాం. నిజమే. కానీ మెదడు మాట కండకు నేరుగా చేరదు. మధ్యలో ఆ మాట అందించేవి ఉన్నాయి. అవి మన వెన్నులో ఉన్నాయి.

వెన్నులో ఏముంది?

వెన్ను తడిమి చూడండి. పూసలు చేతికి తగులుతాయి. ఆ పూసల లోపల మెత్తని తాడు లాంటిది ఉంటుంది. దాని పేరు వెన్నుపాము. మెదడు నుంచి నడుము దాకా ఉంటుంది. మన చిటికెన వేలంత లావు.

వెన్నుపాములో కంటికి కనపడనంత చిన్న కణాలు ఉన్నాయి. పుస్తకాల్లో వీటిని చాలక నాడీకణాలు అంటారు. మనం కదలిక కణాలు అందాం. ఒక్కో కణం నుంచి ఒక సన్నని తీగ బయలుదేరి కండ దాకా వెళ్తుంది. పాదానికి వెళ్లే తీగ రెండు మూరల పొడవు ఉంటుంది. లావు మాత్రం తలవెంట్రుక కన్నా తక్కువ.

తీగ చివర కండకు అతుక్కుని ఉండదు. చిన్న సందు ఉంటుంది. మెదడు మాట అక్కడికి రాగానే తీగ కొస నుంచి ఒక రసాయనం ఊరుతుంది. అది తగలగానే కండ బిగుస్తుంది. వేలు వంగుతుంది.

వేడి గిన్నె తగిలితే చెయ్యి చటుక్కున వెనక్కి వస్తుంది. "అబ్బా" అనేది ఆ తర్వాతే. అప్పుడు మెదడు చెప్పేదాకా ఆగరు. వెన్నుపామే ఆజ్ఞ ఇస్తుంది.

మన కాలువలు గుర్తు తెచ్చుకోండి. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు పెద్ద కాలువలోకి వస్తుంది. అక్కడి నుంచి పిల్ల కాలువకు, దాని నుంచి బోదెకు, బోదె నుంచి చేనుకు. చివరి బోదె పూడిపోతే? ఆనకట్ట నిండా నీళ్లున్నా మన చేను ఎండుతుంది. కదలిక కణం ఆ చివరి బోదె లాంటిది. అది చచ్చిపోతే మెదడు బాగున్నా, కండ బాగున్నా కాలు కదలదు.

ఇవి ఎప్పుడు పుడతాయి?

బిడ్డ కడుపులో పడిన తొలి రోజుల్లో వెన్ను ఉండదు. పలచని రేకు ఉంటుంది. పూతరేకు చుట్టినట్టు ఆ రేకు చుట్టుకుని గొట్టం అవుతుంది. అంచులు కలిసి మూసుకుంటాయి. మెదడు, వెన్నుపాము ఈ గొట్టం నుంచే వస్తాయి. ఇదంతా 28 రోజుల్లో అయిపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు.

అంచులు సరిగా కలవకపోతే బిడ్డ వెన్ను మీద చీలికతో పుట్టవచ్చు. కాళ్లు కదలకపోవచ్చు. "గ్రహణం నాడు కత్తిపీట పట్టింది" అని కోడలిని తిడతారు. అది తప్పు. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు.

ఈ గొట్టం మూసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ కావాలి. 1945లో అమెరికాలో దాన్ని తయారుచేసిన బృందానికి పెద్ద ఎవరో తెలుసా? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. రాజమండ్రిలో చదువుకున్నారు. రక్తం తక్కువైన రోగుల కోసం ఆ పని చేశారు. ఆయన 1948లో చనిపోయారు. 1991లో బ్రిటన్ వైద్యుల పరిశోధనలో ఇంకో ఉపయోగం రుజువైంది. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే ఈ మాత్ర ఇచ్చారు. మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది.

అంటే మూడో నెలలో మొదలుపెడితే ఆలస్యమే. బిడ్డ కావాలి అనుకున్నప్పుడే మొదలుపెట్టాలి. మాత్ర వేసుకున్నా ఎక్కడో ఒకరికి ఇలా జరగవచ్చు. అప్పుడూ తల్లిని నిందించకూడదు.

ఏవి బతుకుతాయి?

గొట్టం మూసుకున్నాక కదలిక కణాలు పుడతాయి. అవసరానికి మించి పుడతాయి. మనం నారుమడిలో ఎక్కువ నారు పోసుకున్నట్టే. తీగ చాచి కండను చేరినవి బతుకుతాయి. కండ నుంచి వాటికి పోషణ అందుతుంది. మిగతావి పుట్టకముందే రాలిపోతాయి.

ఈ విషయం కోడిగుడ్లలోని పిండాలను చూసి తెలుసుకున్నారు. అందులో ఇటలీకి చెందిన రీటా లెవీ మోంతాల్చినీ అనే ఆమె ఉంది. ఆమె యూదు మతస్తురాలని కాలేజీలో పని చేయనివ్వలేదు. యుద్ధం రోజుల్లో తన పడకగదిలోనే గుడ్లు పెట్టుకుని పరిశోధన చేసింది. నరాలను పెంచే పదార్థం గురించి తర్వాత చేసిన పనికి 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలా మిగిలిన కణాలే మనకు జీవితమంతా. కొడవలి తగిలి చేతి నరం తెగితే డాక్టరు కలిపి కుట్టవచ్చు. కణం బతికే ఉంటే తీగ రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగవచ్చు. కణమే చస్తే కొత్తది పుట్టదు.

పోలియో చేసే పని

పోలియో వైరస్ సరిగ్గా ఈ కణాలనే చంపుతుంది. అది రోగి మలం ద్వారా నీటిలో, చేతుల మీద చేరి నోట్లోకి పోతుంది. సోకిన 200 మందిలో సుమారు ఒకరికి కాలో చెయ్యో పడిపోతుంది. ఆ కాలిని గిల్లితే పిల్లవాడికి తెలుస్తుంది. కానీ కదపలేడు. గాలి సోకడం కాదు అది. చివరి బోదె పూడిపోవడం.

పక్కన బతికి ఉన్న కణాలు కొత్త కొమ్మలు వేసి కొన్ని కండ పోగులను ఆదుకుంటాయి. అందుకే కొందరికి కొంత బలం తిరిగి వస్తుంది. పూర్తిగా పోయిన దానికి మందు లేదు. రాకుండా చూసుకోవడమే దారి.

మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. మన దేశంలో పుట్టిన పోలియో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో వచ్చింది. 2014 మార్చి 27న దేశానికి పోలియో లేదనే ధ్రువపత్రం అందింది. కానీ పాకిస్తాన్‌లో, అఫ్గానిస్తాన్‌లో ఇంకా ఉంది. 2016లో హైదరాబాదు మురుగునీటిలో ఒక రకం పోలియో వైరస్ కనిపించింది. వెంటనే పిల్లలకు టీకాలు వేశారు. కాబట్టి "పోయిందిగా" అని చుక్కలు మానకూడదు.

గుర్తుంచుకుందాం

• బిడ్డ కావాలనుకున్నప్పుడే ఆశా అక్కనో, ఏఎన్ఎం‌నో ఫోలిక్ ఆమ్లం మాత్ర అడగాలి. ముందు అలాంటి బిడ్డ పుట్టి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పాలి. మోతాదు ఎక్కువ కావాలి.
• తోటకూర, పాలకూర, గోంగూర, పెసలు, శనగలు తినాలి. ఆకుకూర ఉడికిన నీళ్లు పారబోయకూడదు.
• పోలియో చుక్కలూ, పోలియో సూదీ రెండూ వేయించాలి. కార్డు దాచుకోవాలి.
• పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మాట్లాడుకుందాం

1. నెల తప్పాక మాత్ర మొదలుపెడితే ఎందుకు ఆలస్యం?
2. పోలియో వచ్చిన కాలికి గిల్లితే తెలుస్తుంది, కానీ కదలదు. ఎందుకు?
3. మన వీధిలో కొత్తగా పెళ్లయిన అమ్మాయికి ఈ సంగతి ఎవరు చెప్తారు?