జారుట ఆగిన తరువాత

దగ్గినను, తుమ్మినను, బరువెత్తినను మూత్రము జారిపోవు బాధ ఎందరో స్త్రీలకు, ముఖ్యముగా కాన్పుల తరువాత, కలుగుచున్నది. సిగ్గుచేత వారు ఇంటిలోనివారికైనను చెప్పుకొనరు. వ్యాయామముతో తగ్గనిచో దీనికి శస్త్రచికిత్స కలదు. అందుకు సిద్ధపడువారు ముందుగా అడుగవలసిన ప్రశ్న నొకదానిని నేడు శ్రోతల ముందుంచుచున్నాము: జారుట ఆగిన పిమ్మట మూత్రము సాఫీగా వెడలునా?

మూత్రమార్గము క్రింది ఆధారము సడలినందుననే మూత్రము జారును. వైద్యుడు అచ్చట ఉయ్యెలవలె ఒక పట్టీ వేయును. పట్టీ వదులైనచో జారుట ఆగదు. బిగువు మించినచో దారియే మూసికొనును.

అమెరికాలో 655 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన 2007లో వెలువడినది. కొందరికి వారి కండరముపై పొరతోనే పట్టీ వేసిరి. తక్కినవారికి బర్చ్ పద్ధతిలో కుట్లు వేసి ఆధారమును పైకి కట్టిరి. దగ్గు, తుమ్ములతో జారుట విషయమున రెండేండ్లకు పట్టీవారిలో 66 శాతమునకు, కుట్లవారిలో 49 శాతమునకు గుణము కనిపించినది. కాని మూత్రవిసర్జనలో ఇబ్బంది పట్టీవారిలో 14 శాతమునకు, కుట్లవారిలో 2 శాతమునకు కలిగినది. గట్టి మేలు వెంటనే చిక్కును నడచినది.

ఆ చిక్కు ఎవరికి వచ్చునో ముందే చెప్పగలమా? ధార వేగమును, మూత్రాశయపు ఒత్తిడిని కొలుచు పరీక్షలున్నవి. ధార సన్నగా ఉన్నవారిని, ముక్కినగాని మూత్రము రానివారిని వైద్యులు ప్రత్యేకముగా గమనింతురు. అయినను పై పరిశోధనలోని స్త్రీల కొలతలను పిదప పరిశీలింపగా, ఎవరికి ఇబ్బంది కలుగునో అవి తెలుపజాలకపోయినవి.

జోస్యము చాలనిచోట కొలత ఆదుకొనును. శస్త్రచికిత్స తరువాత మూత్రాశయములో సుమారు 300 మిల్లీలీటర్ల శుద్ధద్రవమును నింపి, గొట్టము తీసి, మూత్రము పోయమందురు. మూడింట రెండు వంతులు వెడలినచో సాధారణముగా ఇంటికి పంపుదురు. లేనిచో కొన్నాళ్ళు గొట్టము అవసరమగును. తొలినాళ్ళ ఇబ్బంది పెక్కుమందిలో వాపు తగ్గగనే పోవును. పోనిచో పట్టీని సడలించుటయో, కత్తిరించుటయో చేయుదురు.

ఇంటిలోనివారు గుర్తింపవలసిన దొకటి కలదు. శస్త్రచికిత్స తరువాత మరల బొట్లుబొట్లుగా కారుచున్నచో చికిత్స విఫలమైనదని నిరాశ చెందరాదు. అది నిండిన కుండ పొర్లుటయు కావచ్చును. నిలిచిన మూత్రము వలన చీము పట్టును, మూత్రాశయము సాగి బలము కోల్పోవును. కనుక మూత్రము రాకున్నను, పోసిన పిదప కడుపు బరువుగా ఉన్నను, ఆ దినముననే వైద్యుని చూడవలెను. ఇది చెప్పుకొనుటకు సిగ్గుపడవలసిన విషయము కాదు.