చొక్కా గుండీలో కెమెరా పెట్టుకుంటే పనవుతుందా?

పోయిన ఎపిసోడ్ విన్నాక చాలామంది "అన్నా, ఆ కెమెరా సంగతి కొంచెం రాసి పెట్టు, రూమ్‌లో వాళ్లకు చూపిస్తాం" అని అడిగారు. అందుకే రాస్తున్నా. నేను ఇంజనీర్‌ను కాదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి దుబాయ్ వచ్చినవాణ్ణి. హెల్పర్‌గా మొదలుపెట్టి సూపర్‌వైజర్ దాకా వచ్చాను. కాబట్టి సైట్ మీద చూసింది చూసినట్టు చెప్తాను.

సంగతి ఇలా మొదలైంది. జగిత్యాల దగ్గరి పిల్లగాడు, పాతికేళ్లుంటాయేమో, ఒక శుక్రవారం నా దగ్గరికి వచ్చి ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. చొక్కా గుండీలాంటి కెమెరా. దాని వెనక సన్నని వైరు, అగ్గిపెట్టెంత డబ్బా. ధర 120 దిర్హాములు. వాళ్ల కంపెనీలో పది గంటలు పని చేయించుకుని ఎనిమిది గంటలకే టైమ్ షీట్ మీద సంతకం తీసుకుంటున్నారట. సంతకం పెట్టనంటే ఫోర్‌మన్ బూతులు తిడతాడట. "అన్నా, ఇది పెట్టుకుని వాడు తిట్టేదంతా బయట నా దోస్తు ఫోన్‌కి లైవ్ పంపుతా. పని చేస్తదా ఇది?" అన్నాడు.

నిజానికి అందులో రెండు ప్రశ్నలున్నాయి. మిషన్‌గా పని చేస్తుందా? సాక్ష్యంగా పని చేస్తుందా?

ముందు మిషన్ సంగతి. ఒంటి మీద పెట్టుకుని వీడియో పంపే ఏ సామాను తీసుకున్నా, చవకదైనా ఖరీదైనదైనా, లోపల ఉండేది నాలుగే. బొమ్మ పట్టే లెన్సు, ఆ బొమ్మను కుదించే చిప్పు, గాలిలోకి పంపే ట్రాన్స్‌మిటర్, వీటన్నిటికీ కరెంటిచ్చే బ్యాటరీ. అవతల దాన్ని అందుకునే ఫోనో, ట్యాబో ఒకటి ఉండాలి. కంపెనీవాళ్లు డబ్బా మీద లెన్సు గురించే గొప్పలు రాస్తారు. అసలు తిప్పలు మిగతా మూడింటితోనే.

బ్యాటరీ లెక్క మన ఎలక్ట్రీషియన్ లెక్కే. ఆ చిన్న డబ్బాలో 500 మిల్లీ ఆంప్ అవర్ సెల్లు ఉందనుకోండి. 3.7 వోల్టులతో గుణిస్తే 1.85 వాట్ అవర్లు. కెమెరా, వైఫై కలిసి ఒకటిన్నర వాట్లు తాగితే గంటా పావుకి చల్లారిపోతుంది. అది కూడా సెల్లు కొత్తగా ఉన్నప్పుడు. ఆగస్టులో చెమటతో తడిసిన చొక్కా కింద ఆ డబ్బా ఎంత వేడెక్కుతుందో ఆలోచించండి. లిథియం సెల్లును మామూలుగా 45 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ పెట్టకూడదంటారు. మన దగ్గర నీడలోనే అంత వేడి ఉంటుంది. సొట్టపడిన సెల్లో, నాసిరకం సెల్లో రొమ్ముకు ఆనించి కట్టుకోవడం నాకైతే అస్సలు నచ్చదు.

డేటా కూడా చూసుకోవాలి. సిమ్ మీద వీడియో పంపితే, సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వేసుకున్నా గంటకు 450 ఎంబీ. నెల ప్యాకేజీ మీద ఇంటికి వీడియో కాల్ చేసుకునేవాడికి అది చిన్న ఖర్చేం కాదు.

ఇక ట్రాన్స్‌మిటర్. ఈ చవక సామానులో ఎక్కువభాగం 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. మైక్రోవేవ్ పొయ్యి అన్నం వేడి చేసేది కూడా ఇంచుమించు ఆ ఫ్రీక్వెన్సీ మీదే. అన్నంలోని నీళ్లు ఆ తరంగాల్ని పీల్చుకుని వేడెక్కుతాయి. మన ఒళ్లు కూడా చాలావరకు నీళ్లే. యాంటెన్నా ఛాతీకి ఆనుకుని ఉండి, ఫోన్ పట్టుకున్నవాడు మీ వీపు వైపు ఉంటే, మధ్యలో మీరే గోడ. దానికి తోడు మన సైట్లు. కొత్తగా పోసిన కాంక్రీటులో తడి ఇంకా ఆరదు, లోపల ఇనుప ఊచల జాలి. ఇక సంతకాలు తీసుకునే చోటు పోర్టా క్యాబిన్. అటూ ఇటూ ఇనుప రేకు, తలుపు మూస్తే సిగ్నల్‌కి డబ్బా మూత పెట్టినట్టే. బయట ఉన్న దోస్తుకు ఏం కనిపిస్తుంది?

ఇది పుస్తకంలో చదివింది కాదు. మా సైట్‌లోనే జరిగింది. అక్కడ కెమెరాలు దాచిపెట్టినవి కావు, అందరికీ కనపడేట్టు హార్నెస్ మీద బిగించినవి. బేస్‌మెంట్ రెండో అంతస్తు నీళ్ల ట్యాంకులో వాటర్‌ప్రూఫింగ్ పని. పర్మిట్ తీసుకున్నాం, గ్యాస్ టెస్ట్ చేశాం, బ్లోయర్ పెట్టాం. లోపలికి దిగినవాడి ఛాతీ మీద కెమెరా, మ్యాన్‌హోల్ దగ్గర ఒక ట్యాబ్, పైన సేఫ్టీ ఆఫీసులో ఇంకో స్క్రీన్. ఇక కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది కదా అని అందరం ధీమాగా ఉన్నాం.

ట్యాంకు మధ్యలో అడ్డగోడ ఉంది. మనిషి గోడ దాటి అవతలికి వెళ్లాడు. ఆఫీసు స్క్రీన్ మీద బొమ్మ బాగానే ఉంది. ఎదురుగా గోడ, కింద ప్రైమర్ డబ్బా. అది కదలట్లేదు. గోడ చూస్తూ నిలబడ్డాడులే అనుకున్నారు ఆఫీసులో. నిజానికి సిగ్నల్ తెగిపోయి, చివరిసారి వచ్చిన బొమ్మే అలా అతుక్కుపోయింది. లోపల ఆయన ప్రైమర్ వాసనకి తల తిరిగి కూర్చుండిపోయాడు. మ్యాన్‌హోల్ దగ్గర ఉన్న మన శ్రీకాకుళం పెద్దాయన ట్యాబ్‌ని పట్టించుకోలేదు. తన అలవాటు ప్రకారం "ఓ భాయ్" అని పిలిచాడు. పలకలేదు. రెండోసారి పిలిచి తాడు లాగాడు, విజిల్ ఊదాడు. ట్రైపాడ్ వించ్‌తో బయటికి తీశాం. మనిషి క్షేమమే, ఆ సాయంత్రానికి లేచి చాయ్ తాగాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పాత అనలాగ్ సామానులో సిగ్నల్ తగ్గితే బొమ్మ మీద చుక్కలు పడేవి, గీతలు వచ్చేవి. పోతున్నానని ముందే చెప్పి పోయేది. డిజిటల్ అలా కాదు. ఉన్నంతసేపు అద్దంలా ఉంటుంది, పోయేటప్పుడు చెప్పదు. ఆ తర్వాత మేము బొమ్మ మూలలో సెకన్లు తిరిగే గడియారం పెట్టించాం. గడియారం ఆగితే లోపలి మనిషి బయటికి రావాల్సిందే. పైన పిలిచే మనిషిని మాత్రం తీసేయలేదు. మీ కంపెనీ మీకు ఇలాంటి కెమెరా ఇస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: బొమ్మ ఆగిపోతే ఎవరికి, ఎన్ని సెకన్లలో తెలుస్తుంది?

ఇప్పుడు రెండో ప్రశ్న. పిల్లగాడికి నేను మిషన్ గురించి ఎంత చెప్పినా "సరే అన్నా, లైవ్ వద్దు, మెమరీ కార్డులో రికార్డ్ చేస్తా" అన్నాడు. అది నిజమే, రికార్డింగ్‌కి సిగ్నల్ అక్కర్లేదు. అందుకే చట్టం సంగతి చెప్పాల్సి వచ్చింది.

యూఏఈలో 2021 నాటి 34వ నంబరు సైబర్ నేరాల చట్టం 2022 జనవరి నుంచి నడుస్తోంది. అందులో 44వ ఆర్టికల్ చదివించుకోండి. ఒకరి అనుమతి లేకుండా వాళ్ల మాటలు రికార్డ్ చేయడం, ఫొటో తీయడం, వాటిని ఇంకొకరికి పంపడం నేరం. శిక్ష కనీసం ఆరు నెలల జైలు, ఒక లక్షా యాభై వేల నుంచి ఐదు లక్షల దిర్హాముల దాకా జరిమానా. రెండూ వేయొచ్చు, ఒకటే వేయొచ్చు. సౌదీలో ఉన్నవాళ్లకు 2007 నాటి సైబర్ చట్టం ఉంది. అక్కడ కెమెరా ఫోన్‌తో ఒకరి ప్రైవసీలోకి చొరబడితే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల రియాళ్ల దాకా జరిమానా.

"తప్పు వాడిది గదన్నా, నాకెందుకు శిక్ష?" అన్నాడు. న్యాయమైన మాటే. నాకూ కోపం వచ్చింది. కానీ అవి రెండు వేరు వేరు కేసులు. ఓవర్‌టైం ఎగ్గొట్టడం కంపెనీ మీద కేసు. దొంగచాటుగా రికార్డ్ చేయడం నీ మీద కేసు. నీ వీడియో చూపించిన రోజు కంపెనీ పీఆర్వో మొదట పట్టుకునేది దాన్నే. బాకీ రావాల్సినవాడివి ముద్దాయివై కూర్చుంటావు. ఇంకో మాట, దాన్ని వాట్సాప్ గ్రూప్‌లో పెట్టినా, యూట్యూబ్‌లో పెట్టినా ఇంకా లోతుకు పోయినట్టే. బ్రిటన్‌లో 2005లో ప్లిమత్ పోలీసులు ఒంటి మీద కెమెరాలు వాడి చూశారు. అవి కూడా అందరికీ కనపడేట్టు పెట్టుకున్నవే.

మరి సాక్ష్యం ఎక్కడుంది? చాలావరకు అది వాళ్ల దగ్గరే ఉంది. యూఏఈలో 2009 నుంచి వేతన రక్షణ పద్ధతి ఉంది. జీతం బ్యాంకు ద్వారానో ఎక్స్ఛేంజ్ ద్వారానో పడాలి, ఆ లెక్క మంత్రిత్వ శాఖకు కనిపిస్తుంది. జీతమే పడకపోతే మీ కెమెరా కంటే ముందు వాళ్ల కంప్యూటర్‌కే తెలుస్తుంది. ఓవర్‌టైం విషయం దీనికంటే కష్టం, ఎందుకంటే మీరు ఎనిమిది గంటలకు సంతకం పెట్టి ఉంటారు. చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, ఆపైన చేసే గంటకు బేసిక్ మీద 25 శాతం ఎక్కువ కట్టివ్వాలి, రాత్రి పది నుంచి తెల్లవారుజాము నాలుగు మధ్య అయితే 50 శాతం. అందుకే నేను పిల్లగాడికి రెండు దిర్హాముల నోటుబుక్ కొనమన్నాను. ఏ రోజు బస్సు క్యాంప్‌లో ఎన్నింటికి కదిలింది, గేటు దగ్గర వేలు ఎన్నింటికి పెట్టాడు, ఏ అంతస్తులో ఏ పని, ఎవరితో కలిసి చేశాడు, బయటికి ఎన్నింటికి వచ్చాడు. ఆ రోజుది ఆ రోజే, పెన్నుతో. ఫోర్‌మన్ తనంతట తాను పంపిన వాట్సాప్ మెసేజ్‌లు తీసేయకూడదు, "రేపు ఏడు వరకు ఉండాలి" లాంటివి. జీతం పడినప్పుడు వచ్చే మెసేజ్, పే స్లిప్, ఒప్పందం కాపీ ఒకచోట పెట్టుకోవాలి.

ఫిర్యాదు మంత్రిత్వ శాఖ యాప్‌లో చేయొచ్చు, 80084కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. యాభై వేల దిర్హాములు దాటని గొడవల మీద 2024 జనవరి నుంచి మంత్రిత్వ శాఖే తీర్పు చెప్పగలదు. ఫిర్యాదులోనే "గేటు పంచింగ్ రికార్డు తెప్పించండి" అని రాయించాలి. రాయడం రానివాళ్లు, భాష కష్టమైనవాళ్లు భారత కాన్సులేట్ తరఫున నడిచే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 80046342 మీద ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

పిల్లగాడు కెమెరా కొనలేదు. తనతోపాటు ఇంకో నలుగురు మూడు నెలలు నోటుబుక్కులు రాశారు. వేరే వేరే చేతిరాతలు, ఒకే టైములు. పంచింగ్ రికార్డు వచ్చాక రెండూ సరిపోయాయి. ఐదుగురిలో నలుగురికి మూడు నెలల ఓవర్‌టైం పడింది. ఐదోవాడు తల్లికి బాగాలేదని మధ్యలోనే ఊరెళ్లిపోయాడు. అతని నోటుబుక్ మా రూమ్‌లోనే ఉంది, ఫోన్ చేసి కాగితాలు పంపమన్నాం, ఇంకా పంపలేదు.