మెదడులో మచ్చ: ఏ స్కాన్ ముందు, ఏది తరువాత?

మెదడులో కణితి ఉన్నదేమోనన్న అనుమానం కలిగిన కుటుంబానికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ స్కాన్ చేయించాలన్నదే. సి.టి., ఎం.ఆర్.ఐ., పెట్ అన్న మూడు పేర్లు వినిపిస్తాయి. ఖరీదైనదే మేలైనదన్న అపోహతో కొందరు, చౌకలో తేలిపోతుందన్న ఆశతో మరికొందరు పొరబడుతుంటారు. నిజానికి ఈ మూడింటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

మనిషిపై తొలి సి.టి. స్కాన్ 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో జరిగింది. మెదడులో కణితి ఉందన్న అనుమానంతో వచ్చిన ఒక మహిళకే దానిని చేశారు. ఈ సాధనాన్ని రూపొందించిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని గణిత సూత్రాలను అందించిన అలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి లభించింది.

కొద్ది నిమిషాల్లో ముగిసే సి.టి. అత్యవసర స్థితిలో ఆదుకుంటుంది. స్పృహ తప్పిన లేదా ఎడతెగని వాంతులతో వచ్చిన రోగికి మెదడులో రక్తస్రావం జరిగిందా, నీరు చేరిందా అన్నది వెంటనే తెలుస్తుంది. కణితిలో పేరుకున్న సున్నాన్ని కూడా ఇది స్పష్టంగా చూపుతుంది. అయితే చిన్న కణితులు, ముఖ్యంగా దట్టమైన ఎముకల నడుమ ఉండే మెదడు వెనుక భాగంలోనివి, దీనికి అందకపోవచ్చు. కనుక సి.టి.లో ఏమీ కనిపించనంత మాత్రాన, లక్షణాలు కొనసాగుతున్న రోగికి కణితి లేదని నిర్ధారించడం సరికాదు. ఇందులో ఎక్స్‌రే కిరణాలు వాడతారు గనుక అవసరం లేకుండా పదేపదే తీయించరాదు.

ఈ కారణాల వల్ల కణితి నిర్ధారణలో ప్రధాన పరీక్షగా ఎం.ఆర్.ఐ. స్థిరపడింది. అయస్కాంత శక్తితో పనిచేసే ఈ యంత్రంలో ఎక్స్‌రే కిరణాల బెడద లేదు. గడోలినియం మందును నరంలోకి ఎక్కించి తీస్తే కణితి హద్దులు, చుట్టూ ఉన్న వాపు విడివిడిగా కనిపిస్తాయి. అయితే పేస్‌మేకర్ లేదా శరీరంలో లోహపు క్లిప్పులు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. మూత్రపిండాల జబ్బు ఉంటే గడోలినియం విషయంలో జాగ్రత్త అవసరం.

భారత ఉపఖండంలో వైద్యులకు మరో చిక్కు ఉంది. స్కాన్‌లో ఉంగరంలా మెరిసే మచ్చ కణితి కావచ్చు, క్షయ గడ్డ కావచ్చు, బద్దె పురుగు లార్వా మెదడులో చేరడం వల్ల ఏర్పడినదీ కావచ్చు. 1980వ దశకంలో మూర్ఛ రోగుల సి.టి.లో కనిపించిన ఇలాంటి చిన్న మచ్చలను మనదేశంలో ఎక్కువగా క్షయగా భావించి నెలల తరబడి మందులిచ్చేవారు. వాటిలో అత్యధికం బద్దె పురుగు వల్ల కలిగినవని, చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయని వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల వైద్యుల పరిశోధనలో వెల్లడైంది. మచ్చ 20 మిల్లీమీటర్లకు మించకుండా, తలలో ఒత్తిడి పెరిగిన లక్షణాలు లేకుండా ఉంటే, మూర్ఛ మందులు వాడుతూ కొంతకాలం తరువాత మళ్లీ స్కాన్ తీసి పోల్చే పద్ధతి దీనితో బలపడింది. తొందరపాటుతో పుర్రె తెరిచే ప్రమాదం ఆ మేరకు తప్పింది.

అనుమానం తీరనప్పుడు ఎం.ఆర్.ఐ. యంత్రంతోనే స్పెక్ట్రోస్కోపీ చేస్తారు. కోలిన్ అనే పదార్థం పెరగడం కణితికి, కొవ్వు పదార్థాలు ప్రధానంగా కనిపించడం క్షయ గడ్డకు సూచన. పెట్ స్కాన్ పాత్ర పరిమితం. సాధారణంగా వాడే గ్లూకోజు ఆధారిత మందును ఆరోగ్యవంతమైన మెదడు కూడా విరివిగా పీల్చుకోవడంతో కణితి అందులో కలిసిపోవచ్చు. అందువల్ల అమైనో ఆమ్లాల ఆధారంగా తయారైన మందులు వాడతారు. చికిత్స తరువాత కణితి తిరిగి వచ్చిందా, అది రేడియేషన్ మిగిల్చిన మచ్చా అని తేల్చడానికి ఇవి ఉపకరిస్తాయి. కణితి రకంపై తుది మాట మాత్రం ముక్క తీసి చేసే పరీక్షదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణలో జన్యు లక్షణాలకు కూడా ప్రాధాన్యమిచ్చారు.

ఇక ఖర్చు విషయం. 2015లో ప్రారంభమైన ఉచిత రోగ నిర్ధారణ సేవల కార్యక్రమం కింద ప్రైవేటు భాగస్వామ్యంతో జిల్లా ఆసుపత్రులకు సి.టి. వచ్చింది. ఎం.ఆర్.ఐ. యంత్రాలు మాత్రం అధికంగా నగరాల్లోనే, అందునా దిగుమతి చేసుకున్నవే. దేశీయంగా తయారైన తొలి 1.5 టెస్లా యంత్రాన్ని 2023 ఆగస్టులో ఢిల్లీలో ఆవిష్కరించారు. ఆయుష్మాన్ భారత్ పథకం అర్హులైన కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు రక్షణ కల్పిస్తున్నా, ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజుల ఖర్చులే అందులో చేరతాయి. తలనొప్పి ఎందుకో తెలియక ఊరూరా తిరిగే నెలల భారమంతా రోగిదే.

తీయించిన ఫిల్ములను, సి.డి.ని, రిపోర్టులను భద్రపరచి ప్రతి వైద్యునికీ చూపడం రోగి చేతిలో ఉన్న పొదుపు. పాత చిత్రంతో పోల్చి చూస్తేనే మచ్చ పెరిగిందా, తగ్గిందా అన్నది తేలుతుంది. ఆసుపత్రిలో చేరకముందు జరిగే పరీక్షలకు కూడా బీమా నీడ కల్పించనంత కాలం, సరైన స్కాన్ ఏదో వైద్యునికి తెలిసినా దానిని చేయించుకోవడం పేదవానికి అందని విషయంగానే మిగిలిపోతుంది.