ఎర్ర పెట్టెకు గాజులాంటి మూత

బ్రిటన్‌లోని పలు రైల్వే స్టేషన్లలో గోడపై ఉండే ఎర్రని ఫైర్ అలారం పెట్టెకు పారదర్శకమైన ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. నిప్పు అంటుకున్నప్పుడు ప్రతి క్షణమూ విలువైనదే కదా, మరి ఈ అడ్డెందుకు? సూట్‌కేసు తగిలినా, ఆకతాయి నొక్కినా స్టేషన్ ఖాళీ చేయించవలసి రావచ్చు. కిక్కిరిసిన మెట్లపై తొక్కిసలాట నిప్పుకేమీ తీసిపోదు. పైగా, తరచూ ఉత్తుత్తిగా మోగే గంటను జనం నమ్మడం మానేస్తారు. అందుకే 2017లో సవరించిన బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5839-1 ఈ పెట్టెలన్నింటికీ మూతను సిఫారసు చేసింది. కొన్ని మూతలు ఎత్తగానే అక్కడే కీచుమంటాయి; అందరూ తిరిగి చూస్తారు, ఆకతాయి జారుకుంటాడు. మంటను కళ్లారా చూసినవాడు మాత్రం ఆగడు. అయితే ఆ మూతకు తాళం పనికిరాదు. 1987 నవంబరు 18న లండన్ కింగ్స్ క్రాస్‌లో చెక్క ఎస్కలేటర్ కింద రాజుకున్న నిప్పు, కంటబడిన పావుగంటకే టికెట్ హాలును చుట్టేసి 31 మందిని బలిగొంది.